పొగాకు కాలంలో బడి: ఒక ప్రాథమిక పాఠశాల కేస్ స్టడీ

జనవరి వచ్చిందంటే మా బడిలో హాజరు పలచబడుతుంది. పిల్లలు ఊళ్లోనే ఉంటారు, బడికి మాత్రం రారు. ప్రకాశం జిల్లాలో కొండపి వైపు ఉన్న చిన్న ఊరు మాది. అక్టోబరు, నవంబరుల్లో నాటిన వర్జీనియా పొగాకు సంక్రాంతి నాటికి కోతకు వస్తుంది. అక్కడి నుంచి మార్చి దాటేవరకు ఆకు కోయడం, కర్రలకు అల్లడం, బ్యారన్‌లో, అంటే మంట వేడితో ఆకును ఆరబెట్టే కొట్టంలో క్యూరింగ్, తర్వాత గ్రేడింగ్, బేళ్లు కట్టి వేలం కేంద్రానికి పంపడం. ఊరంతా ఆ పనిలోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే బడిలో ఏడాది చదువు కొలిక్కి రావాలి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఏప్రిల్‌లో పరీక్షలు.

ఆ ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. మాది ఇద్దరు టీచర్ల బడి. కాస్త నిలదొక్కుకున్న రైతుల పిల్లలు పొద్దున్నే పసుపు వ్యానెక్కి ప్రైవేటు బడులకు పోతారు. మా దగ్గర మిగిలేది కౌలు రైతుల పిల్లలు, కాలనీ నుంచి వచ్చే కూలీల పిల్లలు. గత కొన్ని సీజన్లలో తల్లిదండ్రులతో కలిసి మేము చేసిన పనిని, అందులో ఫలించినదాన్నీ ఫలించనిదాన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఊళ్లలో పనిచేసే తోటి ఉపాధ్యాయులకు ఉపయోగపడవచ్చు.

హాజరు ఎందుకు పడిపోతుందని అడిగితే మా వృత్తిలో తయారుగా ఉండే జవాబు, "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు." ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిగింది. ఆ రోజు మా ఊళ్లో ఆడవాళ్లు కూలి వదులుకుని, పెట్టెలో దాచుకున్న చీరలు కట్టుకుని వచ్చారు. శ్రద్ధ లేనివాళ్లు ఒక రోజు కూలి వదులుకోరు. ముగ్గుల పోటీ జరిగింది, భోజనాలు అయ్యాయి, ప్రగతి కార్డులు పంచాం. ఒక తండ్రి కార్డును అటూ ఇటూ తిప్పి, "టీచరమ్మా, ఇది పాసేనా?" అని అడిగాడు. పాసే అన్నాను. "అయితే మావాడికి చదవడం వచ్చినట్టేనా?" అన్నాడు. మూడో తరగతి పిల్లవాడి గురించి తండ్రి అడగవలసిన ప్రశ్న అదొక్కటే. ఆ కార్డులో ఎక్కడ వెతికినా దానికి జవాబు లేదు.

చూపుడు వేలు

అందుకే ముందుగా, పిల్లవాడు చదువులో ఎక్కడున్నాడో అమ్మానాన్నల కళ్లెదుటే చూపించడం మొదలుపెట్టాం. సాధనం చాలా చిన్నది. ఒక అట్ట ముక్క మీద నాలుగు మెట్లు: విడి అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ. దేశమంతటా పల్లె పిల్లల చదువును కొలుస్తూ ఏళ్ల తరబడి జరుగుతున్న అసర్ సర్వేలో వాడేది కూడా దాదాపు ఇదే పద్ధతి. తెలుగుకు పదాల మెట్టు ఒక్కటే సరిపోదు. పలక, వల, అరక చదివే పిల్లలు గుణింతం దగ్గర తడబడతారు. గుణింతం దాటినవాళ్లు ఒత్తుల దగ్గర కూలబడతారు. అందుకని పదాల మెట్టును మూడుగా విడగొట్టాం.

మూడో తరగతి పాప ఒకతె. వాళ్లమ్మ బడి ముఖం చూసిన మనిషి కాదు. "మాది గడగడా చదువుతుంది టీచరమ్మా, రోజూ వింటాను" అంది. పాప పుస్తకం తెరిచి నిజంగానే గడగడా పాఠం చెప్పింది, ఒక్క తప్పు లేదు. కాని చూపుడు వేలు రెండో వరుస మీద ఉండగా నోరు నాలుగో వరుసలో ఉంది. పాఠం మొత్తం వినికిడితో కంఠతా పట్టింది. అవే పదాలను విడివిడి చీటీల మీద రాసి బల్ల మీద పరిస్తే ఒక్కటీ పలకలేకపోయింది. తల్లి ముఖం చిన్నబోయింది. పాపను కసరబోతే ఆపాను. ఇంత పాఠాన్ని విని గుర్తుపెట్టుకున్న పిల్లకు తెలివి తక్కువేమీ కాదని, చూపును నోటితో కలపడం ఒక్కటే మిగిలిందని చెప్పాను.

ఆ తల్లికి నేను చెప్పిన పని ఇది. పాప చదువుతుంటే ఏదో ఒక పదం మీద వేలు పెట్టు, ఏమిటని అడుగు. కాసేపాగి మళ్లీ అదే పదం మీద వేలు పెట్టు. రెండుసార్లూ ఒకే మాట చెబితే చదువుతోంది. మాట మారితే ఊహించి చెబుతోంది. ఇంకోసారి కింది వరుస నుంచి పైకి చదవమను. కంఠతా పట్టిన పాఠం అక్కడే ఆగిపోతుంది. ఈ పరీక్ష పెట్టడానికి తల్లికి ఒక్క అక్షరం రానక్కర్లేదు. వారం తిరక్కముందే ఆమె బడి గేటు దగ్గర నన్ను ఆపి, "చందమామ అన్న చోట ఒకసారి చందమామ అంటుంది, ఒకసారి చెందిన అంటుంది" అని చెప్పింది. నాకు అంతకంటే మంచి నివేదిక ఏ కార్డులోనూ దొరకలేదు. పాప అనుస్వారాన్ని, అంటే సున్నను పట్టుకుంటోంది, దాని ముందున్న అక్షరపు గుణింతాన్ని పట్టుకోవడం లేదు. మరునాడు అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ఇంటివాళ్ల నుంచి మేము కోరింది ఇంతకు మించి పెద్దగా లేదు. రాత్రి అన్నాలయ్యాక కాసేపు పిల్లవాడు పైకి చదవాలి, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. చదివింది ఏమిటో పిల్లవాడు తన మాటల్లో చెప్పాలి. చెప్పినదానికి తలా తోకా ఉందో లేదో తల్లికే తెలుస్తుంది. పాఠం చెప్పమని, హోంవర్కు చేయించమని మేము అడగలేదు. చాలా బడులు అడిగేవి ఆ రెండే. అవి చేయలేని తల్లి మళ్లీ సమావేశానికి రావడానికి సిగ్గుపడుతుంది.

"చదువురాని తల్లులతో ఏమవుతుంది?" అని అడిగేవాళ్లకు పక్క నెల్లూరు జిల్లాలోని దూబగుంటను గుర్తుచేస్తుంటాను. అక్షరదీపం రాత్రిబడుల్లో పలక పట్టిన ఆడవాళ్లే 1992లో ఆ ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో ప్రభుత్వమే సారాను నిషేధించవలసి వచ్చింది. అయితే ఇంట్లో తల్లి పక్కన కూర్చుంటే పిల్లల చదువు అమాంతం మారిపోతుందని నేను చెప్పను. బిహార్, రాజస్థాన్ గ్రామాల్లో తల్లులకు అక్షరాలు నేర్పి, ఇంట్లో పిల్లలతో ఏమి చేయాలో చూపించి ఫలితాలు కొలిచిన అధ్యయనం ఒకటి 2017లో వెలువడింది. పిల్లల లెక్కల్లో మెరుగుదల కనిపించింది గాని అది స్వల్పమే. బడిలో చెప్పవలసింది బడిలో చెప్పాల్సిందే. ఇంటి సాయం దానికి తోడు మాత్రమే.

పొద్దున మూడు గంటలు

హాజరు సంగతికి వస్తే, పిల్లలను బ్యారన్ పనికి పెడుతున్నారని మొదట అందరూ అనుకునేవారు. ఇంటింటికీ వెళ్లి అడిగితే అసలు కథ వేరే ఉంది. కూలీల ముఠాలో వెళ్లే ఆడవాళ్లు తెల్లవారకముందే ట్రాక్టరో ఆటోనో ఎక్కేస్తారు. మంచు పదునులో ఆకు కోయాలి, ఎండెక్కితే కష్టం. బడి తొమ్మిదికి. ఆరు నుంచి తొమ్మిది దాకా ఇంట్లో పెద్దదిక్కు ఉండదు. అన్నం గిన్నెలో పెట్టి వెళతారు, జడ వేసేవాళ్లు ఉండరు, చంటిపిల్లను నాలుగో తరగతి అక్క చంకనేసుకుంటుంది. ఇంక అది బడికి రాదు. దాన్ని చూసి తమ్ముడూ రాడు. పిల్లలు రాని ఇళ్లలో సగానికి పైగా కారణం ఇదే. బ్యారన్ రెండో కారణం.

తొమ్మిదికి రావలసిన పిల్లలు రాకపోతే తొమ్మిదింటికి ఏమి చేసినా లాభం లేదు. పాఠశాల యాజమాన్య కమిటీలో ఈ మూడు గంటల గురించే మాట్లాడాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. కాగితం మీద మా దగ్గరా అలాగే ఉండేది. సంతకాల పుస్తకం ఇంటికి వెళ్లి భర్త చేతి సంతకంతో తిరిగొచ్చేది. సమావేశాన్ని సాయంత్రం నాలుగు నుంచి రాత్రికి మార్చాం. కాలనీవాళ్ల కోసం ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి ఆవరణలో మరోసారి కూర్చున్నాం. ఊళ్లో రచ్చబండ దగ్గర పెడితే కాలనీ ఆడవాళ్లు వస్తారు, దూరంగా నిలబడతారు, నోరు విప్పరు. ఏ ఊళ్లోనైనా సమావేశం ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టే ఎవరు మాట్లాడతారో తేలిపోతుంది. ఈ సంగతి శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పరు.

పరిష్కారం వాళ్లే చెప్పారు. పనికి పోలేని ముసలమ్మలు కాలనీలో నలుగురైదుగురు ఉన్నారు. ఒకరి వసారాలో పిల్లలను పోగేస్తే జడలు వేసి, తినిపించి, అంగన్‌వాడీకి పోవలసిన చంటిపిల్లలను అంగన్‌వాడీకి, బడికి రావలసినవాళ్లను బడికి తోలుతారు. మధ్యాహ్న భోజనం వండే అక్క ఎలాగూ ముందే వస్తుంది కాబట్టి సీజన్‌లో బడి గేటు ఎనిమిదికే తెరుస్తుంది. ఆ ముసలమ్మలకు ముఠా ఆడవాళ్లు తలా కొంత ముట్టజెప్పాలన్నది మాట. అది కొన్ని వారాలు జరిగింది, కొన్ని వారాలు జరగలేదు. జరగనప్పుడు ఒక ముసలమ్మ మా మీదకే వచ్చి గట్టిగా అడిగింది. ఆమె అడిగింది న్యాయమే. ఉచితంగా సేవ చేయమని పేదవాళ్లను అడగడం మన వ్యవస్థలకు బాగా అలవాటు.

బ్యారన్ దగ్గరి పని విషయంలో మాత్రం మెత్తగా పోలేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను కూలికి పెట్టడం నేరం. సొంత ఇంటి పనిలో సాయం చేయడానికి చట్టం వెసులుబాటు ఇచ్చింది గాని అది బడి వేళల తర్వాతే, అదీ ప్రమాదకరం కాని పనికే. పొగాకు సంగతి వేరే. మంచుకు తడిసిన పచ్చి ఆకు ఒంటికి తగిలితే అందులోని నికోటిన్ చర్మం గుండా లోపలికి పోతుంది. తల తిరుగుతుంది, వాంతులవుతాయి. మా ఊళ్లో దాన్ని పైత్యమనో ఎండదెబ్బ అనో అనుకుంటారు. "మేమూ చిన్నప్పుడు ఇలాగే చేసి పెరిగాం" అని కమిటీలో ఒక రైతు అన్నాడు. ఆయన పక్కనే కూర్చున్న భార్య, "పెరిగావు, సంతకం పెట్టడం నేర్వలేదు" అంది. ఆ తర్వాత తీర్మానం రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు.

థర్మామీటరు

ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. ఎప్పుడు పిలిచినా వెనక వరుసలో కూర్చుని, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయే తండ్రి ఒకాయన. కౌలు రైతు, రాత్రిళ్లు బ్యారన్ దగ్గర మంట చూసుకుంటాడు. ఐదో తరగతికి ఉష్ణోగ్రత పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన్ని థర్మామీటరుతో సహా బడికి రమ్మన్నాం. రానన్నాడు. "నాకేం తెలుసు టీచరమ్మా" అన్నాడు. కొడుకు మారాం చేసి లాక్కొచ్చాడు.

వచ్చినవాడు పాఠం అయిపోయినా ఆపలేదు. బ్యారన్‌లో వేడిని మొదట ఫారన్‌హీట్ లెక్కన తొంభై, వంద డిగ్రీల మధ్య ఉంచుతారని, ఆకు పసుపు తిరిగేదాకా తొందరపడకూడదని, వేడి ముందే పెంచితే ఆకుపచ్చ అలాగే నిలిచిపోయి వేలంలో ధర పడిపోతుందని చెప్పాడు. ఆకు ఆరాక మెల్లగా పెంచుకుంటూ చివరికి నూటఅరవై దాకా తీసుకుపోతారు, మధ్య ఈనె పెళుసుగా విరిగేవరకు ఆగుతారు, ఈనెలో తడి మిగిలితే తర్వాత బూజు పడుతుంది. అంతా కలిపి వారం రోజుల లోపు పని. పిల్లలు రోజుకో అంకె చొప్పున రాసుకుని చతురస్రాల కాగితం మీద గ్రాఫు గీశారు. ఒక పిల్ల, "గీత ఇక్కడ చదునుగా ఎందుకుంది?" అని అడిగింది. "అది ఆకు పండే టైము, అక్కడ మనిషి ఓపిక పట్టాలి" అన్నాడాయన. ఆ తర్వాత ఆయన సమావేశాల్లో ముందు వరుసలోకి వచ్చాడని చెబితే కథలా ఉంటుంది గాని, రాలేదు. వెనక వరుసలోనే కూర్చున్నాడు. కొడుకు లెక్కల పుస్తకం మాత్రం అడిగి చూస్తున్నాడు.

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జాయిస్ ఎప్‌స్టీన్ అనే ఆచార్యురాలు ఇల్లు, బడి మధ్య భాగస్వామ్యాన్ని ఆరు రకాలుగా విడదీశారు. పిల్లల పెంపకం, సమాచార మార్పిడి, బడికి స్వచ్ఛందంగా సాయం, ఇంట్లో నేర్చుకోవడం, నిర్ణయాల్లో పాలు, ఊరితో కలిసి పని. మన బడుల్లో వీటిలో ఒక్కటే నడుస్తుంది, అదీ ఒక దారిలోనే: బడి చెబుతుంది, ఇల్లు వింటుంది.

లెక్కలు ఇంటికి వెళ్లిన తీరులో ఒక చిక్కు కూడా వచ్చింది. తల్లి ఎన్ని కర్రలు అల్లింది, ఎంత రావాలి, ఎంత ముట్టింది అని నాలుగు, ఐదు తరగతుల పిల్లలను ఒక నోటు పుస్తకంలో రాయమన్నాం. పిల్లలు ఉత్సాహంగా రాశారు. ఒక పిల్ల లెక్కకూ, ముఠాను పనికి పిలిచే మేస్త్రి లెక్కకూ తేడా వచ్చింది, పిల్ల లెక్కే సరైనది. తల్లి అడిగింది. మేస్త్రి డబ్బు సర్దాడు గాని, తర్వాత కొన్నాళ్లు ఆమెను పనికి పిలవలేదు. నేను వెళ్లి మాట్లాడి సర్దిచెప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆ పుస్తకం ఇంట్లోనే ఉంటుంది, పని దగ్గరికి పోదు. లెక్క నేర్పితే అది తరగతి గదిలోనే ఉండిపోదని ఎవరైనా ఇలాంటి పనికి పూనుకునేముందు తెలుసుకోవాలి.

ఫోను

వాట్సాప్ గ్రూపు గురించి ఎక్కువ చెప్పను. శుభోదయాలు, దేవుడి బొమ్మలు, తల్లికి వందనం డబ్బులు ఎప్పుడు పడతాయన్న ప్రశ్నలు, అంతే. ఆ పథకం కింద తల్లి ఖాతాకు పదమూడు వేలు, బడి నిర్వహణకు రెండు వేలు వస్తున్నాయి. ఆ డబ్బు కుటుంబానికి ఆసరా, కాదనను. కాని చదవలేని తల్లికి మనం పంపే సందేశం అందనట్టే లెక్క. పైగా స్మార్ట్‌ఫోను హైదరాబాదులో పనిచేసే భర్త దగ్గర ఉంటుంది, ఇంట్లో ఉండేది బటన్ల ఫోను.

అందుకని వెనకబడిన పిల్లల ఇళ్లకు రాత్రి ఎనిమిది తర్వాత ఫోను చేయడం మొదలుపెట్టాం. స్పీకరు పెట్టమని, పిల్లవాడికి ఒక లెక్క చెప్పి, వాడు ఎలా చేస్తున్నాడో పైకి చెప్పమని అంటాం. తల్లి వింటుంది, మధ్యలో తనూ అందుకుంటుంది. కరోనా కాలంలో ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో ఇలాంటి ప్రయోగం చేశారు. వారానికోసారి పావుగంట, ఇరవై నిమిషాల ఫోను, దానికి తోడు సందేశం అందుకున్న పిల్లల లెక్కలు మెరుగుపడ్డాయి. కేవలం సందేశాలు పంపిన ఇళ్లలో అంత ఫలితం రాలేదు. మా అనుభవమూ అదే చెబుతోంది. అయితే ఇద్దరు టీచర్లు రోజంతా పాఠాలు, యాప్‌లలో ఫోటోలు, భోజనం లెక్కలు చూసుకుని రాత్రి ఫోన్లు చేయడం ఎన్నాళ్లు సాగుతుంది? బడి మొత్తానికి చేయలేం. మెట్ల పట్టీలో కింద ఉన్నవాళ్లకే చేస్తున్నాం.

ఫలితాలు ఎలా ఉన్నాయంటే, సీజన్‌లో హాజరు ఇప్పటికీ తగ్గుతుంది, ఇదివరకటంత తగ్గదు. చంటిపిల్లలను ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయే అక్కలు దాదాపు అందరూ వస్తున్నారు. మూడో తరగతి పాప ఏడాది చివరికి పేరా చదివింది, కథ ఇంకా తడుముకుంటోంది. ఒక పిల్లవాడు ఎంత చేసినా అక్షరాల దగ్గరే ఆగిపోతే, ఆరోగ్య బృందం వచ్చినప్పుడు చూపిస్తే కళ్లజోడు కావాలని తేలింది. వాళ్లమ్మ అంతకుముందే, "వీడు టీవీ దగ్గరికి పోయి చూస్తాడు" అని మాకు చెప్పి ఉంది. మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయిన రెండు కుటుంబాల పిల్లలు మాత్రం చేజారారు. ఫోను మోగుతుంది, పొలంలో సిగ్నల్ ఉండదు. తండ్రులు ఇప్పటికీ తక్కువే వస్తారు. ఇంకో విచిత్రం, పిల్లల చదువు మీద బాగా పట్టు దొరికిన ఒకటి రెండు కుటుంబాలు ఆ ధైర్యంతోనే పిల్లలను ప్రైవేటు బడికి మార్చాయి. మా బడి సంఖ్య తగ్గింది. ఎవరిని ఏమనగలం?

ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవారికి నా సలహా ఒక్కటే. జనవరిలో మొదలుపెట్టవద్దు. అప్పటికి ఎవరికీ ఊపిరి సలపదు. బడులు తెరిచిన జూన్ నుంచి నారుమళ్లు పోసే ఆగస్టు చివరి దాకా మా వైపు కూలి పనులు పలచగా ఉంటాయి, ఆడవాళ్లు సాయంత్రం వసారాల్లో దొరుకుతారు. మెట్ల పట్టీ చూపించడం, పొద్దుటి ఆ మూడు గంటల కోసం మనిషిని కుదుర్చుకోవడం, ఆమెకు ఎవరు ఎంత ఇవ్వాలో తేల్చి తీర్మానాల పుస్తకంలో రాయించడం అప్పుడే అయిపోవాలి. ఈసారి మేము ముసలమ్మలకు ఇచ్చే డబ్బును మేస్త్రి దగ్గరే కూలిలోంచి పట్టించే ఏర్పాటు చేయాలనుకుంటున్నాం. మేస్త్రి ఇంకా ఒప్పుకోలేదు.